దేగు నాదే అన్నారు కదా!

బోధన్‌లో ఉండి బోధన్‌లోనే పరువు పోగొట్టుకోవడం ఎవరికైనా చేతనయ్యే పనే. నేను అంతటితో ఆగే మనిషిని కాను. రైలెక్కి బొంబాయి పోయి, అక్కడ విమానమెక్కి, సముద్రం దాటి, ఇరాన్ దేశంలో, అంతకుముందు ముఖమైనా చూడని పెద్దమనుషుల ఎదుట నా పరువు తీసుకొని వచ్చాను. ఒక ఇంటికి కాబోయే వియ్యాలవారు భోజనానికి వచ్చే వేళకు, ఆ ఇంటి పొయ్యి మీద అన్నం లేకుండా చేసిన ఘనుణ్ణి నేను. నవ్వదలచుకున్నవాళ్లు మొదటినుంచీ నవ్వుకోవచ్చు. మధ్యలో ఎక్కడైనా నామీద జాలి కలిగితే అది మీ మంచితనం.

దీనికంతటికీ కారణం మా ప్రకాశం. అతను నాకు ఏ అపకారమూ చేయలేదు. నా బాధంతా అక్కడే ఉంది.

ప్రకాశం నాకు సడ్డకుడు. అంటే నా భార్య సుగుణ చెల్లెలు శాంతకు మొగుడు. ఇద్దరమూ బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలోనే పనిచేసేవాళ్లం. నేను చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర గుమాస్తాను. అతను ఆ చెరుకు రసంలో తీపి ఎంతుందో చూసే లాబరేటరీలో ఉండేవాడు. సీజనులో నా ఒంటినిండా బండ్ల దుమ్ము, అతని ఒంటిమీద మల్లెపువ్వులాంటి తెల్లకోటు. నాది నిజాం జమానాలో చదివిన ఉర్దూ మెట్రిక్. అతనిది బి.ఎస్సీ. మా అత్తమ్మ నిజామాబాద్‌లో ఎవరికి మమ్మల్ని చూపించినా ఇట్లా చెప్పేది:

"ఈయన మా చిన్నల్లుడు. బియెస్సీ చదివిండు. తెల్లకోటేసుకొని కుర్సీల కూసుంటడు. ఈయన మా పెద్దల్లుడు ఆశీర్వాదం. ఈయనకు జెరమొచ్చుడు గిట్ల ఏం లేదు, పానం మంచిగుంటది."

చూశారా! పెళ్లయి అన్నేళ్లయినా నాలో చెప్పుకోదగ్గది జ్వరం రాకపోవడం ఒక్కటే.

ఇది చాలదన్నట్టు డెబ్బైలలో ప్రకాశానికి ఇరాన్‌లో ఒక కొత్త చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. శాంతను తీసుకొని అహ్వాజ్ అనే ఊరికి పోయాడు. అక్కడినుంచి వచ్చే ఉత్తరాల్లో సగం దేవునికి స్తోత్రం, మిగతా సగం తిండి. వెన్న వేసిన అన్నంమీద కబాబులట, గులకరాళ్లమీద కాల్చిన రొట్టెలట. సరిగ్గా నేను జొన్నరొట్టె తుంచి పచ్చిపులుసులో ముంచే సమయానికి సుగుణ వాటిని పైకి చదివేది. "విన్నవా? ప్రకాశం ఎట్ల చూస్కుంటున్నడో మా శాంతను!" అనేది. నా నోట్లో పచ్చిపులుసు మరికాస్త పులిసేది.

శాంతకు కొడుకు పుట్టాడు. అక్క వచ్చి కొన్నాళ్లు తోడుండాలని ఆమె పట్టుపట్టింది. ప్రకాశం మా ఇద్దరికీ టిక్కెట్లు పంపాడు. అప్పటికి గానుగ ఆగిపోయి నాకు కాటా దగ్గర పని లేదు. "నేను రాను" అందామని నోటిదాకా వచ్చింది. అయితే అంతలోనే ఒక ఆలోచన తట్టింది. ప్రకాశానికి ఏం తెలుసు? తెలుగు, ఇంగ్లీషు. నాకో, ఉర్దూ! ఉర్దూలో సగం ఫార్సీయే కదా. అతను నాలుగేళ్లుగా ఉన్న ఊళ్లో నేను దిగిన రోజే పండితుణ్ణవుతాను. ఆ దేశపువాళ్లే అంటారు, "ప్రకాశం, నీ ఇంట్లో ఇట్లాంటి మనిషున్నాడని ఎందుకు చెప్పలేదు?" అని. ఈ తియ్యటి ఊహతోనే నేను విమానమెక్కాను.

అహ్వాజ్‌లో ఎండ మన నిజామాబాద్ ఎండకు పెద్దన్న. విమానం దిగగానే ఎవరో పొయ్యి మూత తీసినట్టనిపించింది. ప్రకాశం వాళ్ల ఇల్లు ఒక సందులో ఉంది, దానికి సరిగ్గా ఎదురిల్లు ఇంటి యజమాని రహీమీగారిది. తెల్లని మీసాలు, గుండ్రని ముఖం, ఏ మాట చెప్పినా చెయ్యి గుండెమీద పెట్టుకొని చెప్పే మనిషి. మేము దిగినరోజే ఒక బుట్టెడు ఖర్జూరాలు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. నేను గొంతు సవరించుకొని, "మెహర్బానీ! బిస్యార్ మెహర్బానీ!" అన్నాను. ఆయన గుండెమీద చెయ్యి పెట్టుకొని, పక్కనే ఉన్న ప్రకాశం వైపు చూసి నవ్వుతూ, "ఖాబెలీ నదారె" అన్నాడు.

నా ఒళ్లు పులకరించింది. ఖాబిల్ అంటే సమర్థుడని ఉర్దూ వచ్చిన ఎవరికైనా తెలుసు. నదారద్ అంటే లేదని అర్థం. అంటే ఏమిటి? ప్రకాశానికి సమర్థత లేదు! ఇంటి యజమానే ముఖంమీద చెప్పేశాడు! ప్రకాశమేమో పాపం, పళ్లన్నీ కనబడేటట్టు నవ్వుతున్నాడు. సుగుణను పక్కకు పిలిచి చెప్పాను.

"మీ ప్రకాశం గురించి ఈ ఊర్ల ఏమనుకుంటున్నరో ఇన్నవా? ఖాబిలియత్ లేదంట."

"నీకు జెప్పిండ్రా?"

"నా చెవుల ఇన్న. నాకు ఫార్సీ అర్థమైతది గద."

"అర్థమైతే మంచిదే. పో, ఆ ఖర్జూరాలు కడుక్కొస్తె తిందాం."

తిండి సంగతి చెప్పాలంటే, ఆ ఉత్తరాలు అబద్ధాలు కావు, అంతకన్నా తక్కువే చెప్పాయి. పొద్దున్నే వేడి వేడి గులకరాళ్లమీద కాలిన మూరెడు రొట్టె, దానిమీద తెల్ల జున్ను, పుదీనా ఆకులు. చాయ్ తాగాలంటే చక్కెర గడ్డ పళ్లమధ్య పట్టుకొని దానిగుండా చాయ్ పీల్చాలి. జీవితమంతా చక్కెర బస్తాల మధ్య బతికినవాణ్ణి, చక్కెర తినడానికి ఇట్లా ఒక తరీఖా ఉందని నాకు తెలియనే తెలియదు. మొదటిసారి గడ్డ మింగేసి ఉత్త చాయ్ తాగాను. ఇంకో రోజు చింతపండు, మెంతికూర, ఎర్రకారం వేసి వండిన చేపల కూర పెట్టారు. అమ్మ వండినట్టే ఉంది, కానీ అమ్మ వండింది కాదు. అదెట్లాంటి రుచి అంటే, చిన్నప్పటి స్నేహితుడు షేర్వానీ తొడుక్కొని ఎదురైనట్టు ఉంది. రెండోసారి పెట్టించుకొని, మూడోసారికి చెయ్యి చాపుతూ అడిగాను.

"ఇది మాత్రం శాంత చేతి వంటే. అవునా?"

"కాదు బావా," అంది శాంత. "ఆయనే చేసిండు. ఈడ దోస్తుల దగ్గర నేర్సుకున్నడు."

నా చెయ్యి గాలిలో ఆగింది. సుగుణ నావైపు ఒక చూపు చూసింది. పెళ్లయినప్పటినుంచీ నేను చాయ్ అయినా కాచలేదన్న విషయం ఆ చూపులో ఉంది. "ఉప్పు జర తక్కువైంది," అన్నాను. అని, మూడోసారి కూడా పెట్టించుకున్నాను.

ఇక అసలు రంగంలోకి వద్దాం. ఒక సాయంత్రం రహీమీగారు మమ్మల్ని భోజనానికి పిలిచారు. నేలమీద పొడుగాటి గుడ్డ పరిచారు, మన దగ్గర దస్తర్‌ఖాన్ అంటామే, అదే. ఆయన భార్య ఖానుమ్ పెద్ద రాగి దేగు నుంచి అన్నం తెచ్చి పెట్టింది. పువ్వుల్లాంటి అన్నం, మెతుకుకు మెతుకు తగలడం లేదు. అందరి పళ్లాల్లోనూ ఆ తెల్లని అన్నమే. నా దగ్గరికి వచ్చేసరికి రహీమీగారు తానే లేచి, గోధుమరంగులో మాడిన ఒక పెద్ద చెక్క తెచ్చి నా పళ్లెంలో పెట్టాడు. పెట్టి, గొప్పగా "తహ్‌దీగ్!" అన్నాడు.

తహ్ అంటే అడుగు. దీగ్ అంటే దేగు. నాకు రాని ముక్కా ఇది? దేగు అడుగున మాడిపోయిన గోకుడు! మన ఇళ్లల్లో ఆ మాడు చెక్కను నీళ్లు పోసి నానబెట్టి బర్రె కుడితిలో వేస్తాం. ఇంతమందిలో పెద్దల్లుణ్ణి, అంత దూరంనుంచి వచ్చినవాణ్ణి, నాకు మాడు చెక్కా? ఇది ప్రకాశం నేర్పిన పనేనని నాకు అనుమానం లేకపోయింది. అందుకే చిరునవ్వు చెదరకుండా ఆ చెక్కను ఎత్తి ప్రకాశం పళ్లెంలో వేశాను.

"తీస్కో తమ్మీ. నువ్వే తిను."

అందరి కళ్లూ ఆ చెక్కవైపు తిరిగాయి. తర్వాత రహీమీగారు "బహ్ బహ్!" అని గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. ఖానుమ్ కళ్లు చెమర్చాయి. ప్రకాశం "వద్దన్నా, నీకిచ్చిండ్రు" అన్నాడు, నేను ససేమిరా అన్నాను. అతను ఆ చెక్కను కొరికాడు. అప్పుడు ఒక చప్పుడు వచ్చింది చూడండి! కరకర! వేయించిన అప్పడం, నేతిలో కాల్చిన రొట్టె, జంతిక, మూడూ ఒక్కసారి విరిగితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. వెన్న వాసన నా దాకా వచ్చింది.

ఇంటికి వస్తుంటే సుగుణ మెచ్చుకోలుగా అన్నది, "నీ గుణం ఇంత మంచిదని నాకు తెల్వనే తెల్వదు. ఈడ అన్నిట్లకు అదే మంచిదట. ఇంట్ల పెద్దమనిషికే పెడ్తరట. నీకు పెడితే నువ్వు ప్రకాశానికిచ్చినవ్. ఆ ఖానుమ్ ఎంత పొగిడిందో!"

ఆ రోజునుంచి ఏం తింటున్నా నా చెవుల్లో ఆ కరకరే. నా చేతులతో నేనే తీసి అతని నోట్లో పెట్టాను! అసూయ అనేదానికి రుచి ఉంటుందని నాకప్పుడే తెలిసింది, అది వెన్నతో మాడిన అన్నం రుచి. తిన్నవాడు ప్రకాశం కాబట్టి నేను వాసన చూసి చెబుతున్నాను.

మరో శుక్రవారం రహీమీగారు మళ్లీ పిలిచారు. ఈసారి మధ్యాహ్నం. వాళ్ల అమ్మాయిని చేసుకోబోయే ఇస్ఫహాన్‌వాళ్లు కుటుంబమంతా భోజనానికి వస్తున్నారట, ఆ సందడిలో మేమూ ఉండాలట. ఈ సంగతి ప్రకాశం నాకు చెప్పాడు. నేను తహ్‌దీగ్ అన్న మాట కోసమే వింటున్నాను, మిగతాది చెవికెక్కలేదు. పిల్లవాణ్ణి పడుకోబెట్టి ఆడవాళ్లు తర్వాత వస్తామన్నారు. మేమిద్దరం ముందుగా వెళ్లాం.

వసారాలో ఒక పీటమీద ఆ రాగి దేగు కూర్చొని ఉంది. పెద్దది. మూతకు గుడ్డ చుట్టి, ఆవిరి బయటికి పోకుండా పెట్టారు. అయినా వెన్న వాసన వసారా నిండా ఉంది. నేను దాని ముందు చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డాను. రహీమీగారు పక్కకు వచ్చాడు. ఏదో ఒకటి అనాలి కదా, నాకొచ్చిన ఫార్సీ అంతా కూడగట్టుకొని అన్నాను.

"ఈన్ దేగ్ బిస్యార్ ఖూబ్ అస్త్!"

ఈ దేగు చాలా బాగుంది అని. ఆయన ముఖం వెలిగిపోయింది. గుండెమీద చెయ్యి పెట్టుకొని తల వంచి అన్నాడు, "పీష్కెశ్!"

పేష్కశ్! నిజాం జమానాలో పుట్టినవాడికి ఆ మాట అర్థం చెప్పాలా? కానుక! నా చెవులను నేనే నమ్మలేకపోయాను. వేలితో దేగును చూపించి, ఆ వేలినే నా ఛాతీమీద పెట్టుకొని, "నాకా?" అన్నట్టు చూశాను. ఆయన మరింత వంగి, "మాలె షొమాస్త్," అన్నాడు. మాల్ అంటే సొత్తు. షొమా అంటే మీరు. మీ సొత్తు! ఇంకేం కావాలి? కాగితం మీద రాసిస్తే తప్ప తీసుకోకూడదా?

వెంటనే వంగి, దేగు ఎత్తడానికి పక్కలనున్న కడియాల్లో ఒకదాన్ని పట్టుకున్నాను.

ప్రకాశం నా వెనకనుంచి ఉర్దూ కాదు, ఫార్సీ కాదు, నిఖార్సైన బోధన్ తెలుగులో గుసగుసలాడాడు.

"అన్నా! ఏం జేస్తున్నవే?"

"పేష్కశ్ ఇచ్చిండు. తీస్కపోతున్న."

"వద్దను అన్నా! వద్దను! గట్లనే అంటరు ఈళ్లు!"

నేను అతని ముఖంలోకి చూశాను. కళ్లు పెద్దవయ్యాయి, పెదవులు ఎండిపోయాయి. ఆహా, అనుకున్నాను. నాలుగేళ్లనుంచి ఈ సందులో ఉంటున్నా ఇతనికి ఎన్నడూ దేగు దొరకలేదు. నాకు నాలుగు వారాల్లో దొరికింది. మొదటిసారి ప్రకాశం నన్ను చూసి కుళ్లుకుంటున్నాడు! ఈ ఆనందం కోసం ఎన్నేళ్లు ఎదురుచూశాను!

"కుళ్లుకోకు తమ్మీ. నీక్గూడ ఒక ముక్క పెడ్త," అన్నాను దయగా.

ఇక రహీమీగారి గొప్పతనం వినండి. ఆయన ముఖం ఒక్క ఘడియ పాలిపోయిన మాట నిజమే, కానీ చిరునవ్వు మాత్రం అట్లాగే ఉంది. వేడికి నా చెయ్యి కాలుతుందని ఖానుమ్‌ను కేకేసి రెండు మందపాటి గుడ్డలు తెప్పించాడు. ఆమె దేగును చూసింది, నన్ను చూసింది, భర్తను చూసింది, గుడ్డలిచ్చింది. నేను ఒక్కణ్ణే మోయలేనని గ్రహించి ఆయనే రెండో కడియం పట్టుకున్నాడు! ఇంటి యజమాని, తన వియ్యాలవారికి వండిన అన్నాన్ని, తన చేత్తోనే తన గడప దాటిస్తున్నాడు! మర్యాద అంటే అది. అప్పుడు నాకు తెలియదు కాబట్టి, "ఎంత ప్రేమ!" అనుకున్నాను.

మేమిద్దరం దేగుతో సరిగ్గా సందు మధ్యలో ఉన్నప్పుడు రెండు కార్లు మలుపు తిరిగి వచ్చి ఆగాయి. ఇస్ఫహాన్‌వాళ్లు దిగారు. నల్లకోట్ల మగవాళ్లు, పట్టు రుమాళ్ల ఆడవాళ్లు, పెళ్లికొడుకు, చేతికర్రతో ఒక ముసలావిడ. అందరూ దేగును చూశారు. ఆకలిగా ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు అన్నం ఎదురొస్తే ఎట్లా ఉంటుంది? అదీ వాళ్లను దాటుకొని అవతలికి పోతుంటే? నేను మాత్రం గర్వంగా తల ఎత్తి, వాళ్లకు కూడా వినబడేటట్టు "పీష్కెశ్!" అన్నాను.

రహీమీగారు ఒకసారి దేగువైపు, ఒకసారి కార్లవైపు చూశాడు. అప్పుడు ప్రకాశం ముందుకు వచ్చి, గుండెమీద చెయ్యి పెట్టుకొని, వాన కురిసినట్టు ఫార్సీ మాట్లాడాడు. నాకు మెహ్‌మాన్, మంజిల్, అంటే అతిథి, ఇల్లు, అన్న మాటలు తప్ప ఏమీ దొరకలేదు. వాళ్లందరి ముఖాలూ విచ్చుకున్నాయి. తలలూపుతూ రహీమీగారి ఇంట్లోకి చాయ్‌కి వెళ్లారు. నాకు కానుక వచ్చిన సంగతి చెప్పి తానూ గొప్పలు కొట్టుకుంటున్నాడనుకున్నాను. దేగును ప్రకాశం వాళ్ల వంటింట్లో దించి రహీమీగారు నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

నేనూ దేగూ మిగిలాం.

మూత తీశాను. ఆవిరి ముఖానికి కొట్టింది. ఒక గరిటె తీసుకొని, పైనున్న తెల్లటి అన్నాన్ని పక్కకు నెట్టి, బావి తవ్వినట్టు నట్టనడుమ తవ్వాను. అడుగున గరిటె టక్కున తగిలింది. పెకలించాను. బంగారు రంగు చెక్క విరిగి పైకి వచ్చింది. కరకర! ఆహా! ఇన్నాళ్లూ చెవులతో తిన్నదాన్ని ఇప్పుడు నోటితో తిన్నాను. ఒకటి అయ్యాక ఇంకొకటి. నా సొత్తు, నా ఇష్టం. మూడో ముక్క నోట్లో ఉండగా సుగుణ, శాంత వంటింటి గడపలో నిలబడ్డారు.

"ఏందది?" అంది సుగుణ.

"పేష్కశ్," అన్నాను నోరు తెరవలేక.

శాంత నెత్తి పట్టుకుంది. "బావా! అది వాళ్ల వియ్యాలోళ్లకు వండింది!"

"నాకిచ్చిండమ్మా. మాలె షొమా అన్నడు."

"అయ్యో బావా, ఈడ ఏది మంచిగుందన్నా గట్లనే అంటరు. అది వాళ్ల మర్యాద. మనం వద్దు వద్దు అనాలె. మొన్న దుకాణంల చెప్పులు కొంటే గూడ వాడు పైసలొద్దన్నడు. అంటే ఇయ్యకుండ వస్తమా? ఖాబెలీ నదారె అంటరు."

నేను నమలడం ఆపాను. "ఖాబెలీ నదారె అంటే?"

"'మీ ముందర ఇదేం పెద్దది' అని."

నిజం చెబుతున్నాను, దేగు సంగతి కన్నా నాకు అదే ఎక్కువ తగిలింది. అంటే రహీమీగారు ప్రకాశాన్ని చేతకానివాడని అనలేదన్నమాట! నెలరోజులుగా నేను కడుపులో దాచుకొని మురిసిన ఒకే ఒక్క సంతోషం కూడా పోయింది.

"ఇప్పుడేం జేద్దాం? తీస్కపోయి ఇచ్చేద్దామా?" అన్నాను.

సుగుణ దేగులోకి తొంగి చూసింది. "ఏం ముఖం బెట్టుకొని ఇస్తవ్? మధ్యల బొంద తవ్వినవ్ గదా!"

అంతలో ప్రకాశం పరుగెత్తుకొచ్చాడు. "జల్ది! దస్తర్‌ఖాన్ పరువుండ్రి! అందరు ఈడికే వస్తున్నరు!"

"ఎవరు?"

"ఇస్ఫహానోళ్లు! ఇంకేం జెయ్యాలె? మా అన్న ఇండియానుంచొచ్చిండు, ఇయ్యాల మీరందరు మా ఇంట్లనే తినాలె అంటున్నడు, అందుకే దేగు మోస్కపోతున్నడు అని చెప్పిన. రహీమీ సాబ్ పానం లేచొచ్చింది. కబాబులు ఆయన పట్టుకొస్తడు. వదినా, పచ్చడేమన్న ఉన్నదా?"

సుగుణ బోధన్‌నుంచి మోసుకొచ్చిన మిరపకాయ పచ్చడి జాడీ దించింది. శాంత రెండు గదుల్లోనూ దుప్పట్లు, గుడ్డలు పరిచింది. నేను భుజాన తువ్వాలు వేసుకొని నిలబడ్డాను. ఎందుకంటే ఇప్పుడు నేను ఆతిథ్యమిచ్చే పెద్దమనిషిని. కూర్చొని తినే హక్కు నాకు లేదు. అందరికీ నీళ్లు పోసింది నేను, రొట్టెలు అందించింది నేను. అందరూ మాట్లాడింది మాత్రం ప్రకాశంతో.

ఇక దేగు వచ్చింది. ఆ దేశంలో దేగును పెద్ద తాంబాళంలో బోర్లిస్తారు. అడుగునున్న తహ్‌దీగ్ పైకి వచ్చి బంగారు గుమ్మటంలా నిలబడుతుంది. అది చూసి అందరూ "బహ్ బహ్" అనాలి. నాకు ఈ సంగతి తెలియదు. ప్రకాశానికి నేను తవ్విన సంగతి తెలియదు. తెలిసిన సుగుణ గడప దగ్గరనుంచి చేతులూపేలోపే రహీమీగారు, ప్రకాశం కలిసి దేగు బోర్లించి పైకెత్తారు.

గుమ్మటం వచ్చింది. నట్టనడుమ మాత్రం పెద్ద గొయ్యి. గోడకు కన్నం వేసిన దొంగ తొందరలో వదిలి పోయినట్టుంది.

ఖానుమ్ చూపు నేలమీద ఉంది. ముసలావిడ మెల్లగా ఆ గొయ్యిని చూసింది, తర్వాత చుట్టూ అందరి ముఖాలనూ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. నా మీసాల దగ్గర. నా చెయ్యి దానంతటదే పైకి పోయింది. మీసానికి ఒక బంగారు పెచ్చు అతుక్కొని ఉంది.

ఆవిడ నవ్వింది. మొదట గొంతులో, తర్వాత భుజాలతో, చివరికి చేతికర్ర కింద పడేటట్టు నవ్వింది. "నూషె జాన్!" అంది నాతో. ఒంటికి పట్టాలి అని దాని అర్థమట. ఆవిడ నవ్వాక ఇక ఎవరికి అడ్డు? గదంతా నవ్వింది. జరిగిందంతా ఆ గొయ్యిలోనే చదివేసినట్టు ఆవిడ రహీమీగారితో ఏదో పొడుగ్గా చెప్పింది, ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమంటున్నదిరా?" అన్నాను ప్రకాశం చెవిలో.

"తన ఇంట్ల అన్నం ఎవడో పరదేశి ఎత్తుకపోతుంటే, రహీమీ సాబ్ నవ్వుకుంట రెండో కడియం పట్టిండంట. అసొంటి మామ దొరికితే మా పిల్లగాడు సుఖంగ ఉంటడు, ఈ సంబంధం ఖాయం అంటున్నది."

ఆ విధంగా ఆ పెళ్లి ఖాయమైంది. మర్యాదస్తుడని రహీమీగారికి పేరు వచ్చింది. సమయానికి మాట కలిపాడని ప్రకాశాన్ని ఇస్ఫహాన్‌వాళ్లంతా కౌగిలించుకొని పోయారు. దేగు మోసి, గొయ్యి తవ్వి, కష్టమంతా పడిన నన్ను మెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు.

మేము తిరుగు ప్రయాణమయ్యేరోజు రహీమీగారు వచ్చి, చిన్న రేకుడబ్బా నా చేతిలో పెట్టబోయాడు. కుంకుమపువ్వు. నేను ఇప్పుడు నేర్చుకున్నవాణ్ణి కదా. గుండెమీద చెయ్యి పెట్టుకొని వద్దన్నాను. ఆయన మళ్లీ ఇచ్చాడు, మళ్లీ వద్దన్నాను. ఆయన బతిమాలాడు. నేను వెనక్కి అడుగు వేశాను. ఖానుమ్ వచ్చి అడిగింది. చేతులు రెండూ వీపు వెనక దాచుకున్నాను.

"ఇగ తీస్కో అన్నా," అన్నాడు ప్రకాశం. "నిజంగనే ఇస్తున్నడు."

ఇంకోసారి నవ్వులపాలు చేయాలని చూస్తున్నాడా? నన్నెవడూ మోసం చేయలేడు. తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. రహీమీగారి ముఖం చిన్నబోయింది. చివరికి డబ్బాను ప్రకాశం చేతిలో పెట్టాడు. ప్రకాశం వద్దన్నాడు, మళ్లీ వద్దన్నాడు, ఆ తర్వాత కళ్లకద్దుకొని తీసుకున్నాడు. లెక్క అంతేనట! రెండుసార్లు వద్దని మూడోసారికి తీసుకోవాలట. ఈ సంగతి నాకు విమానంలో సుగుణ చెప్పింది. చెప్పి, తన సంచీలోంచి ఆ డబ్బా తీసి చూపించింది. ప్రకాశం ఆమె సంచీలో పెట్టాడట, "అన్నకిచ్చింది అన్నకే చెందాలె" అని.

ఎదుటివాడు చెడ్డవాడైతే అసూయపడటంలో ఒక సుఖం ఉంటుంది. ఇట్లాంటివాడితో నేనేం చేయాలి?

నిజామాబాద్‌లో దిగగానే సుగుణ ఆ డబ్బా వాళ్ల అమ్మ చేతికిచ్చింది. ఆదివారం చర్చి బయట అత్తమ్మ దాని మూత తీసి కనబడ్డవాళ్లందరికీ వాసన చూపించింది.

"ఇరాన్ కుంకుమపువ్వు! మా చిన్నల్లుడు పంపిండు!"

నేను ఓర్చుకోలేకపోయాను. "అత్తమ్మా, అది నాకిచ్చిండ్రు. రహీమీ సాబ్ నాకే ఇచ్చిండు."

అత్తమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నీకిస్తే నువ్వెందుకు తీస్కోలేదు బిడ్డా?"

నేను ఉర్దూ, ఫార్సీ, తెలుగు మూడింటినీ జేబులో పెట్టుకొని ఇంటిదారి పట్టాను.

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి ఎదుటా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరింట్లోనైనా, దేగు కాదు కదా, చాయ్ గంటెను కూడా బాగుందని అనను. ఎవరైనా ఏదైనా ఇస్తానంటే రెండుసార్లు వద్దంటాను, మూడోసారి ఆలస్యం చేయను. ప్రకాశం మీద అసూయపడనని కూడా ఇదే ఊపులో ఒట్టు వేయమని సుగుణ పక్కనుంచి పొడుస్తున్నది. చూద్దాం. ఒక్కరోజుకు ఒక్క ప్రమాణం చాలు.